పుట్టుచోటు తెలియని మెడ కాన్సరు

కాన్సరు వ్యాధిని గురించి వైద్యుడు తెలుసుకోదలచే మొదటి విషయం అది పుట్టిన చోటు. నాలుకమీద పుట్టిన కాన్సరు వేరు, జీర్ణకోశంలో పుట్టినది వేరు, ఊపిరితిత్తులలో పుట్టినది వేరు. పేరు ఒక్కటే గాని నడక ఒక్కటి కాదు. చికిత్స కూడ ఒక్కటి కాదు. అయితే కొందరు రోగుల విషయంలో ఈ మొదటి ప్రశ్నకే సమాధానం దొరకదు. మెడ పక్కన నొప్పిలేని బిళ్ళ ఒకటి తేలుతుంది. రెండు మూడు వారాలు గడచినా తగ్గదు. అందులోని కణాలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తే కాన్సరు కణాలని తేలుతుంది. అవి మెడ గ్రంథిలో స్వతహాగా ఉండదగిన కణాలు కావు. నోటి లోపలనో, గొంతు లోపలనో పరచుకొని ఉండే చదునైన పొలుసు కణాలు అక్కడినుండి బయలుదేరి ఇక్కడికి వచ్చి కాపురం పెట్టినవి. కాని నోరు, ముక్కు, గొంతు, స్వరపేటిక ఎంత వెదకినా పుండు మాత్రం కానరాదు. తల, మెడ ప్రాంతాలలో వచ్చే కాన్సరులలో ఇటువంటివి నూటికి రెండు నుండి అయిదు వరకు ఉంటవని అంచనా. సంఖ్య చిన్నదే. అయినా కనిపించని శత్రువుకు చికిత్స చేయవలెనా, కనిపించిన బిళ్ళకు మాత్రమే చేసి ఊరుకొనవలెనా అన్న వివాదం నూరేండ్లకు పైబడి నడచినది. అది నేటికీ పూర్తిగా ముగియలేదు.

ఈ వివాదం అర్థం కావాలంటే మెడలోని శోషరస గ్రంథులను గురించి కొంత చెప్పుకొనవలె. రక్తనాళాలనుండి కణాల మధ్యకు ఊరిన ద్రవం తిరిగి రక్తంలో చేరడానికి శరీరమంతటా సన్నని శోషరస నాళాలు కలవు. వాటి మార్గంలో అక్కడక్కడ చిక్కుడు గింజల ఆకారంలో గ్రంథులున్నవి. ఇవి జల్లెడ వంటివి. సూక్ష్మజీవులు వచ్చినా, దారితప్పిన కణాలు వచ్చినా ఇక్కడ చిక్కుకుంటవి. పంటి పోటు వచ్చినపుడు దవడ క్రింద బిళ్ళ కట్టడం అందరికీ అనుభవంలో ఉన్నదే. శరీరంలో ఉన్న ఇటువంటి గ్రంథులలో చాలా పెద్ద భాగం మెడలోనే ఉన్నది. గాలి, అన్నం, నీరు మూడూ పోయే ద్వారానికి ఆ కాపలా అవసరమే.

మెడలో బిళ్ళ తేలినంత మాత్రాన అది కాన్సరు కానక్కరలేదు. మన దేశంలో అది క్షయ కావచ్చును. పూర్వులు గండమాల అన్న పేరుతో వర్ణించిన వ్యాధులలో మెడ గ్రంథుల క్షయ ముఖ్యమైనది. బిళ్ళ ఉన్న చోటు కూడ కొంత చెబుతుంది. ఎడమ వైపున కాలరెముకకు పైన తేలిన బిళ్ళ గొంతునుండి కాక పొట్టలోనుండి వచ్చి ఉండవచ్చునని జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడోల్ఫ్ విర్కో 1848లోనే గుర్తించినాడు. పొట్టలోని శోషరసమంతా వక్షనాళం ద్వారా పైకి వచ్చి మెడకు ఎడమ వైపునే సిరలో కలుస్తుంది గనుక ఇది సహజమే. దవడ మూలనుండి మెడ మధ్యవరకు ఉన్న బిళ్ళలు మాత్రం ఎక్కువగా నోటికి, గొంతుకు సంబంధించినవి. ఇక్కడ చెప్పబోయే కథ వాటిదే.

1882లో జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్య ఆచార్యుడైన రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ ముగ్గురు రోగులను గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించినాడు. ముగ్గురికీ మెడలో లోతుగా కాన్సరు గడ్డలు ఉన్నవి. మరెక్కడా పుండు లేదు. ఫోల్క్‌మన్ సామాన్యుడు కాడు. లిస్టర్ కనిపెట్టిన క్రిమినాశక శస్త్రచికిత్సను జర్మనీలో పాదుకొల్పినవాడు. తారు, పారఫిను కర్మాగారాలలో పనిచేసేవారికి వచ్చే చర్మ కాన్సరును 1875లో వర్ణించినవాడు. రిచర్డ్ లియాండర్ అన్న మారుపేరుతో పిల్లలకు కథలు వ్రాసినవాడు కూడ ఆయనే. ఈ మెడ గడ్డలకు ఆయన ఇచ్చిన వివరణ చాలా అందమైనది. గర్భస్థ పిండానికి మెడ భాగంలో చేప మొప్పలను పోలిన చాళ్ళు ఏర్పడతవి. పంది పిండాలలో వీటిని రాట్కె అన్న శాస్త్రజ్ఞుడు 1825లోనే చూపించినాడు. పిండం పెరిగినకొద్దీ ఈ చాళ్ళు పూడిపోవలె. ఎక్కడైనా కొంత పూడక మిగిలితే మెడలో నీటితిత్తిగా ఉండిపోతుంది. అటువంటి శేషంలోనే ఈ కాన్సరు పుట్టినదని ఫోల్క్‌మన్ ఊహించినాడు. అనగా గడ్డ ఎక్కడ ఉన్నదో పుట్టుచోటు కూడ అక్కడే; వేరే వెదకనక్కరలేదు.

ఈ సిద్ధాంతం త్వరగా ప్రచారంలోనికి వచ్చినది. దానికి కారణం లేకపోలేదు. ఆ కాలంలో గొంతు లోపల చూడడానికి ఉన్న సాధనం ఒక చిన్న అద్దం మాత్రమే. 1854లో మాన్యువల్ గార్సియా అనే సంగీతోపాధ్యాయుడు పళ్ళ వైద్యుని అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకొన్నాడు. ఆ అద్దమే వైద్యుల చేతికి వచ్చినది. ముక్కు వెనుక భాగం, నాలుక మొదలు, స్వరపేటిక పక్కల సందులు ఆ అద్దంలో సరిగా కనిపించవు. ఎక్స్ కిరణాలు ఇంకా పదమూడేండ్లకు గాని రాలేదు. వెదకే సాధనం లేనపుడు వెదకనక్కరలేదనే సిద్ధాంతం హాయిగానే ఉంటుంది.

గడ్డ ఎక్కడ పుట్టినదైనా దానిని తీసివేయడమెట్లా అన్నది రెండవ ప్రశ్న. పై బిళ్ళను ఒక్కదానిని కోసి తీస్తే పక్క గ్రంథులలో దాగిన కణాలు మళ్ళీ మొలకెత్తేవి. అమెరికాలో క్లీవ్‌లండ్ నగరానికి చెందిన జార్జ్ క్రైల్ 132 శస్త్రచికిత్సల అనుభవంతో 1906లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించినాడు. దవడ క్రిందినుండి కాలరెముక వరకు ఒక పక్క మెడలోని గ్రంథులన్నిటినీ, వాటిని అంటిపెట్టుకొన్న కొవ్వుతోను, మెడ పక్కనున్న పెద్ద కండరంతోను, కంఠసిరతోను కలిపి ఒకే ముద్దగా తీసివేయడం ఆ పద్ధతి. మెడ గ్రంథులు కాన్సరును చాలాకాలం నిలువరించగలవనీ, ఆ లోపల మొత్తం పెకలించివేస్తే రోగి బ్రతుకుతాడనీ ఆయన వాదం. ఆ మాట చాలావరకు నిజమే. కాని దానికి రోగి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. భుజాన్ని ఎత్తే కండరానికి పోయే నాడి కూడ ఈ ముద్దతోపాటు పోయేది. భుజం జారిపోయి చేయి తలపైకి లేచేది కాదు. అర్జెంటీనా దేశస్థుడు ఒస్వాల్దో స్వారెజ్ 1963లోను, ఆ తరువాత మిలాన్ నగరంలో ఎత్తోరె బోక్కా 1967లోను ఆ నాడిని, సిరను, కండరాన్ని వదలి గ్రంథులను మాత్రమే పొరలతో సహా ఒలిచి తీయవచ్చునని చూపేవరకు ఈ కష్టం తప్పలేదు.

ఫోల్క్‌మన్ సిద్ధాంతాన్ని గట్టిగా నిలదీసినవాడు న్యూయార్కు మెమోరియల్ ఆసుపత్రిలో తల, మెడ శస్త్రవైద్యానికి అధిపతియైన హేస్ మార్టిన్. ఈ చరిత్రలో ఆయన పేరు మూడుసార్లు వస్తుంది.

మొదటిది 1930. మెడ బిళ్ళ కాన్సరు అవునో కాదో తెలుసుకోవాలంటే ఆ రోజులలో దానిని కోసి ముక్క తీయవలసి ఉండేది. మార్టిన్, ఆయన సహాయకుడు ఎలిస్ కలిసి సూది గుచ్చి, సిరంజితో కణాలను పీల్చి, గాజు పలకమీద పూసి పరీక్షించే విధానాన్ని వర్ణించినారు. అమెరికాలో దీనికి తగిన ఆదరణ లభించలేదు. స్వీడన్ వైద్యులు ఇంకా సన్నని సూదులతో దీనిని అభివృద్ధి చేసిన తరువాతనే అది లోకమంతటా వ్యాపించినది. నేడు మన జిల్లా ఆసుపత్రులలో కూడ మెడ బిళ్ళకు సూది పరీక్ష చేస్తున్నారంటే దాని మూలం ఇక్కడ ఉన్నది.

రెండవది 1944. మెడ గ్రంథి వాపు మొదటి లక్షణంగా బయటపడే కాన్సరులను గురించి మార్టిన్, మార్ఫిట్ ఒక వ్యాసం వ్రాసినారు. బిళ్ళ కనిపించగానే కత్తి పట్టకండి, ముందు నోరు, గొంతు క్షుణ్ణంగా వెదకండి అన్నది దాని సారాంశం. ఇది పైకి చిన్న సలహాగా తోస్తుంది. కాని బిళ్ళను తొందరపడి కోసినపుడు కాన్సరు కణాలు చుట్టుపక్కల చెదరుతవి. కోసిన చోట మచ్చకట్టి తరువాతి శస్త్రచికిత్స కష్టమవుతుంది. 1978లో అమెరికాలోని మెగ్విర్ట్, మెకేబ్ అనే వైద్యులు ముందుగా బిళ్ళను కోయించుకొని వచ్చినవారిని, కోయకుండా వచ్చినవారిని పోల్చి చూసినారు. మొదటి వర్గంలో గాయం కుళ్ళడం, మెడలో వ్యాధి తిరగబెట్టడం, దూరప్రాంతాలకు పాకడం ఎక్కువగా కనిపించినవి. కోసిన వెంటనే తగిన రేడియేషన్ చికిత్స చేస్తే ఈ నష్టం చాలావరకు పూడుతుందని తరువాతి పరిశోధనలలో తేలినది గాని, మొదట సూది, తరువాతనే కత్తి అన్న నియమం మాత్రం అట్లాగే నిలిచినది.

మూడవది 1950. మొప్పల చాళ్ళ శేషంలో కాన్సరు పుట్టినదని ఎవరైనా చెప్పదలిస్తే నాలుగు నిబంధనలు నెరవేరాలని మార్టిన్, ఆయన సహచరులు విధించినారు. గడ్డ చెవి ముందునుండి మెడ కండరం అంచు వెంబడి కాలరెముకకు దిగే గీతమీద ఉండవలె. కణాలు ఆ శేషంలో ఉండదగిన జాతివి కావలె. తిత్తి గోడలోనే కాన్సరు పుట్టుతున్నట్లు సూక్ష్మదర్శినిలో కనిపించవలె. అన్నిటికంటె కఠినమైనది నాలుగవది: రోగిని కనీసం అయిదేండ్లు కనిపెట్టి చూసినా మరెక్కడా కాన్సరు బయటపడకూడదు. ఈ జల్లెడలో పోస్తే అంతవరకు ప్రకటితమైన రోగులలో నిలిచినవారు బహు స్వల్పం. ఆ జబ్బే లేదని మార్టిన్ అనలేదు. ఉన్నదని నిరూపించండి అన్నాడు. శాస్త్ర విమర్శకు ఇది మంచి ఉదాహరణ.

పుట్టుచోటు వేరే ఉన్నదని ఒప్పుకొన్న తరువాత అసలు చిక్కు మొదలైనది. అది ఎక్కడ ఉన్నదో తెలియనపుడు దానికి చికిత్స చేయడమెట్లా? టెక్సాస్‌లోని ఎం. డి. ఆండర్సన్ ఆసుపత్రిలో రేడియేషన్ విభాగాధిపతి గిల్బర్ట్ ఫ్లెచర్ దీనికి ఒక మార్గం చూపినాడు. కంటికి, చేతికి అందని సూక్ష్మమైన కాన్సరు గుంపులను నాశనం చేయడానికి పెద్ద గడ్డకు కావలసినంత మోతాదు అక్కరలేదనీ, అయిదు వారాలలో సుమారు 50 గ్రే మోతాదు ఇస్తే నూటికి తొంభైకి పైగా అణగిపోతవనీ ఆయన అనుభవం. అట్లయితే పుండు దాగి ఉండదగిన ప్రదేశాలన్నిటికీ, అనగా ముక్కు వెనుక భాగంనుండి స్వరపేటిక వరకు, మెడకు రెండు వైపులా కిరణాలు ప్రసరింపజేస్తే సరిపోతుంది గదా! దొంగ ఏ ఇంట ఉన్నాడో తెలియనపుడు ఊరంతా ముట్టడించడం వంటిదిది.

ముట్టడికి హద్దులు గీయడానికి అదే ఆసుపత్రికి చెందిన రాబర్ట్ లిండ్‌బర్గ్ కృషి తోడ్పడినది. అంతకుముందు ఏ చికిత్సా పొందని 2,044 మంది రోగులను పరిశీలించి, ఏ చోట పుట్టిన కాన్సరు మెడలోని ఏ గ్రంథులకు ముందుగా పోతుందో ఆయన 1972లో పటం గీసినాడు. నాలుక ముందు భాగం, నోటి అడుగు భాగం అయితే దవడ క్రింది గ్రంథులకు, మెడ పైభాగపు గ్రంథులకు. టాన్సిల్, నాలుక మొదలు అయితే దవడ మూల క్రింది గ్రంథికి. ముక్కు వెనుక భాగం అయితే మెడ వెనుక పక్క గ్రంథులకు కూడ. వ్యాధి పాకడం యాదృచ్ఛికం కాదు, కాలువల వెంబడి నీరు పారినట్లే. కనుక బిళ్ళ ఉన్న చోటునుండి వెనుకకు నడిస్తే పుట్టుచోటు ఏ దిక్కున ఉన్నదో ఊహించవచ్చును.

ముట్టడి వలన లాభం ఉన్నదా? డెన్మార్కు దేశంలో 1975 నుండి 1995 వరకు ఇటువంటి వ్యాధితో వచ్చిన 352 మంది వివరాలను 2000లో ప్రకటించినారు. శస్త్రచికిత్స మాత్రమే జరిగినవారిలో అయిదేండ్ల లోపల దాగిన పుండు బయటపడినవారు సగానికి పైగా ఉండగా, రేడియేషన్ పొందినవారిలో నూటికి పదిహేను మాత్రమే. కాని శస్త్రచికిత్స మాత్రమే పొందినవారు బహు కొద్దిమంది. వారిని చీటీలు వేసి ఎన్నుకోలేదు. అందుచేత ఈ అంకెలనుబట్టి తుది తీర్పు చెప్పలేము. మెడ ఒక పక్కకే కిరణాలు చాలునా, రెండు పక్కలా, గొంతంతటికీ కావలెనా అని తేల్చడానికి యూరపులో ఒక పరీక్ష తలపెట్టినారు గాని, చాలినంతమంది రోగులు చేరక మధ్యలోనే నిలిచిపోయినది. అరుదైన వ్యాధులకు ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉన్నదే.

నష్టం మాత్రం నిశ్చయం. కిరణాలు తగిలిన లాలాజల గ్రంథులు ఎండిపోతవి. నోట తడి లేనివానికి అన్నం మింగుడు పడదు. రాత్రి నాలుగుసార్లు లేచి నీరు పుక్కిలించవలె. పళ్ళు ఒకటొకటిగా పుచ్చిపోతవి. కాన్సరు నయమై ఇరవై ఏండ్లు బ్రతికినవాడు ఆ ఇరవై ఏండ్లూ ఈ బాధ పడవలసినదే. పుట్టుచోటు తెలిస్తే ఆ చోటికి మాత్రమే చికిత్స చేసి మిగిలిన గొంతును వదలివేయవచ్చును. కనుక పుండును వెదకడం కేవలం శాస్త్రజ్ఞుల కుతూహలం కాదు. కిరణాల తీవ్రతను చోటునుబట్టి మార్చగల కొత్త యంత్రాలు కొంత ఉపశమనం తెచ్చినవి. 2011లో బ్రిటనులో ప్రకటించిన పరీక్షలో పాత పద్ధతిన చికిత్స పొందినవారిలో నూటికి 74 మంది ఏడాది తరువాత కూడ నోరెండి బాధపడగా, కొత్త పద్ధతిలో ఆ సంఖ్య 38కి దిగినది. దిగినదే గాని పోలేదు.

వెదకులాటలో మొదటి పెద్ద విజయం ఒక వైరస్ వలన లభించినది. 1964లో లండనులో ఎప్‌స్టైన్, బార్, అచోంగ్ ఆఫ్రికా బాలుర దవడ గడ్డలనుండి ఒక వైరస్‌ను కనుగొన్నారు. అదే వైరస్ తాలూకు జన్యుపదార్థం ముక్కు వెనుక భాగంలో పుట్టే కాన్సరు కణాలలో కూడ ఉన్నదని 1970లో హెరాల్డ్ త్సూర్ హౌజెన్ బృందం చూపినది. ఈ కాన్సరు దక్షిణ చైనాలో విస్తారం; మన దేశంలో నాగాలాండు ప్రాంతంలో ఎక్కువ. మెడ బిళ్ళలోనుండి సూదితో తీసిన కణాలలో ఈ వైరస్ జాడ ఉంటే పుట్టుచోటు ముక్కు వెనుక ఉన్నదని చెప్పవచ్చునని 1992లో తేలినది. అంతవరకు కణం ఆకారాన్ని చూసి ఊహించేవారు. ఇప్పుడు వలస వచ్చినవాడు ఏ ఊరివాడో వాని మూటలోని సరకు చెబుతున్నది.

తరువాత వచ్చినది పెట్ చిత్రణం. కాన్సరు కణాలు గ్లూకోజును అధికంగా వాడుకుంటవని వార్‌బర్గ్ 1920లలోనే గమనించినాడు. రేడియో ధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజును 1976లో తొలిసారి మనుష్యులకిచ్చి చిత్రం తీసినారు. సాధారణ పరీక్షలన్నీ విఫలమైన 302 మంది రోగుల ఫలితాలను 16 పరిశోధనలనుండి కూర్చి 2004లో లెక్కవేయగా, నలుగురిలో ఒకరికి ఈ చిత్రం పుట్టుచోటును చూపినది. మిగిలిన ముగ్గురి మాటేమిటి? పైగా టాన్సిళ్ళు ఆరోగ్యంగా ఉన్నా గ్లూకోజును తాగి ఆ చిత్రంలో వెలుగుతవి. గొంతులో ముక్కలు తీసిన తరువాత ఈ చిత్రం తీస్తే గాయాలు కూడ వెలిగి మోసం చేస్తవి. అందువలన ముందు చిత్రం, తరువాత ముక్కలు తీయడం అన్న క్రమం ఏర్పడినది.

అసలు దొంగ ఇల్లు చాలామంది విషయంలో టాన్సిలే. పారిస్ శివార్లలోని గుస్తావ్ రుసి సంస్థకు చెందిన మిషో, ఆయన సహచరులు 1974లో ఒక విచిత్రం చెప్పినారు. మెడలో నీటితిత్తివలె కనిపించే కొన్ని గడ్డలు నిజానికి టాన్సిల్‌లో దాగిన చిన్న కాన్సరు పంపిన సంతానమే. 1998లో అమెరికాలో థాంప్సన్, హెఫ్నర్ ఇటువంటి 136 తిత్తి గడ్డలను పరిశీలించి దాదాపు ఇదే నిర్ణయానికి వచ్చినారు: పుట్టుచోటు దొరికినవారిలో ఎక్కువమందికి అది టాన్సిల్‌లోనో, నాలుక మొదట ఉన్న టాన్సిల్ కణజాలంలోనో ఉన్నది. ఫోల్క్‌మన్ 1882లో మొప్పల శేషమనుకొన్న గడ్డలలో కొన్నయినా ఇట్టివే అయి ఉండవలెనని నేటి వైద్యులు భావిస్తున్నారు. ఆయన చూసిన తిత్తి నిజమే, పుట్టుక మాత్రం వేరు.

అంత చిన్న పుండు అంత పెద్ద బిళ్ళను ఎట్లా పంపగలదు? టాన్సిల్ పైభాగం నున్నగా ఉండదు. లోపలికి ఇరుకైన గుంటలు చొచ్చుకొనిపోతవి. ఆ గుంటల అడుగున పొర చిల్లుల గోనెవలె వదులుగా ఉంటుంది. బయటినుండి వచ్చిన సూక్ష్మజీవులు రక్షణకణాలకు ఎదురుపడడానికే ప్రకృతి ఆ ఏర్పాటు చేసినది. అక్కడ పుట్టిన కాన్సరు కణానికి బయటపడడం సులభం. రెండు మూడు మిల్లీమీటర్ల పుండుగా ఉన్నపుడే అది గ్రంథికి చేరగలదు. పైనుండి చూస్తే టాన్సిల్ మామూలుగానే కనిపిస్తుంది. చిటికెడు ముక్క తీసి పరీక్షిస్తే తప్పిపోయే అవకాశం ఎక్కువ. టాన్సిల్‌నే మొత్తం తీసి పలుచని పొరలుగా కోసి వెదకితే సుమారు నలుగురిలో ఒకరికి పుండు దొరుకుతున్నదని 1990లలో తెలిసినది. 2009లో అమెరికా ప్రభుత్వం నోటి ద్వారా యంత్రహస్తంతో చేసే శస్త్రచికిత్సను అనుమతించిన తరువాత నాలుక మొదటి టాన్సిల్‌ను కూడ అట్లాగే తీసి చూడడం సాధ్యమైనది.

ఈ గుంటలలో నివసించే మరొక వైరస్ కూడ బయటపడినది. గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు కారణమైన పాపిల్లోమా వైరస్ 16వ రకాన్ని 1983లో కనుగొన్నది పైన చెప్పిన త్సూర్ హౌజెనే. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానం లభించినది. మోరా గిలిసన్, ఆమె సహచరులు 2000లో 253 తల, మెడ కాన్సరులను పరీక్షించగా నాలుగింట ఒకదానిలో పాపిల్లోమా వైరస్ ఉన్నది. టాన్సిల్, నాలుక మొదలు ప్రాంతంలో పుట్టినవాటిలో సగానికి పైగా ఉన్నది. మెడ బిళ్ళలో ఈ వైరస్ కనిపిస్తే టాన్సిల్ వైపు చూడాలని 2003లో అదే విశ్వవిద్యాలయం వారు చూపినారు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి, వైరస్ వలన వచ్చినది పొగాకు వలన వచ్చినదానికంటె చికిత్సకు సులభంగా లొంగుతుంది. గొంతు కాన్సరు రోగులను గురించి 2010లో వెలువడిన లెక్కలలో మూడేండ్లు బ్రతికినవారు వైరస్ ఉన్నవారిలో నూటికి 82, లేనివారిలో 57.

2017లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణలో ఈ మార్పులన్నీ చోటు చేసుకొన్నవి. పుండు కనిపించకపోయినా, బిళ్ళలో ఎప్‌స్టైన్–బార్ వైరస్ ఉంటే దానిని ముక్కు వెనుక కాన్సరుగాను, పాపిల్లోమా వైరస్ ఉంటే టాన్సిల్ ప్రాంతపు కాన్సరుగాను లెక్కవేస్తారు. 2020లో అమెరికా కాన్సరు వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల ప్రకారం, బిళ్ళ చిన్నదై ఒక్క పక్కనే ఉంటే శస్త్రచికిత్స, రేడియేషన్ రెండింటిలో ఒకటే చాలవచ్చును. గ్రంథి పొరను చీల్చుకొని కాన్సరు బయటికి వస్తే శస్త్రచికిత్స తరువాత రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ మందు కూడ ఇస్తారు. దాని ఉపయోగాన్ని 2004లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలు నిర్ణయించినవి. గొంతంతటినీ ముట్టడించే పద్ధతి పూర్వమంత తప్పనిసరి కాదు.

రెండు వైరస్‌లూ లేని బిళ్ళతో వచ్చేవారు మిగిలినారు. వీరిలో పొగాకు వాడినవారు ఎక్కువ. జర్దా, గుట్కా, బీడీ విస్తారంగా ఉన్న మన దేశంలో ఇట్టి రోగుల పాలు పశ్చిమ దేశాలకంటె పెద్దది. బిళ్ళలో వలస వచ్చినవాని మూట విప్పి చూసినా అందులో ఊరి గుర్తు ఏదీ ఉండదు. వీరికి వైద్యుడు ఇప్పటికీ చిత్రం తీసి, మత్తు ఇచ్చి, నోటినుండి స్వరపేటిక వరకు ఒక్కొక్క మడతనూ వేలితోను దుర్భిణితోను వెదకి, టాన్సిల్‌ను తీసి చూసి, ఏమీ దొరకకపోతే లిండ్‌బర్గ్ పటాన్ని ముందు పెట్టుకొని ఎంతమేరకు కిరణాలు ప్రసరింపజేయాలో రోగితో కూర్చుండి నిర్ణయిస్తున్నాడు. ఆ తరువాత అయిదేండ్లపాటు నియమిత కాలాలలో పిలిపించి గొంతు చూస్తున్నాడు. మార్టిన్ పెట్టిన గడువు అది.